మంగళ నోరు దాటని మాట

మంగళ పదమూడేళ్లుగా జనం కడుపులు చూస్తోంది. పైనుంచి కాదు, లోపలినుంచి. సోలాపూర్‌లో ఒక స్కాన్ సెంటర్‌లో సీటీ మిషన్ నడిపే టెక్నీషియన్ ఆమె. బయట ఎంతటి మొనగాడైనా ఆమె బల్లమీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తలమీదికి ఎత్తి, పీల్చమంటే పీల్చి, ఆపమంటే ఆపి, వదలమంటే వదలాల్సిందే. కోర్టులో జడ్జీలకే అడ్డు తగిలే వకీలు ఒకాయన ఆ బల్లమీద కూడా వాదన మొదలుపెడితే, "సాహెబ్, తోండ్ బంద్" అని ఒక్క మరాఠీ మాటతో నోరు మూయించిన మనిషి. అంతటి మంగళకు ఇంట్లో మామగారి ఎదుట మాత్రం నోట మాట రాదు.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఆ ఇంటి పద్ధతి అది. మామా కోడలూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం మర్యాద కాదట. కరీంనగర్ వైపునుంచి బతకడానికి వచ్చిన పెద్దలు మగ్గంతోపాటు ఆ మర్యాదనూ మూటగట్టుకుని వచ్చారు. చేతిమగ్గం పోయి కరెంటుతో నడిచే సాంచా వచ్చింది గాని, మర్యాద మాత్రం ఎక్కడికీ పోలేదు. మామ సిద్ధరాములుకు మంచినీళ్లు కావాలంటే గోడవైపు చూసి "నీళ్లు" అంటాడు. ఆయన భార్య రాజమ్మ విని "మంగళా, నీళ్లట" అంటుంది. మంగళ చెంబు తెచ్చి రాజమ్మకిస్తుంది, రాజమ్మ ఆయనకిస్తుంది. మూడడుగుల దూరంలో ఉన్న నీళ్లు ఇన్ని చేతులు మారితే గాని ఆయన గొంతు దిగవు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా మామ ఆమెను పేరుపెట్టి పిలిచింది లేదు.

పిలిచినా లాభం ఉండేది కాదనుకోండి. సిద్ధరాములుకు చెవులు పనిచేయవు. కుమఠా నాకా దగ్గర కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్లు సాంచాల మీద చద్దర్లు నేసిన మనిషి ఆయన. నలభై సాంచాలు ఒక్క రేకుల షెడ్డులో టకటకలాడుతుంటే చెవి ఎన్నాళ్లని నిలబడుతుంది? కొడుకు వినాయక్, అంటే మంగళ భర్త, చెవి మిషన్ కొనిచ్చాడు. దాన్ని చెవిలో పెట్టుకుంటే లోకమంతా లొల్లిగా ఉందని, ఆయన పెన్ను పెట్టుకున్నట్టు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఎవరేమన్నా "ఆఁ ఆఁ" అని తలూపడం ఒక్కటే ఆయనకు తెలిసిన జవాబు. ఓసారి గల్లీలోకి భజన మండలివాళ్లు వచ్చి ఏదో అడిగితే అలాగే నిండుగా తలూపాడు. ఆ సాయంత్రం పదకొండుమంది తాళాలు, మద్దెలలతో సహా భోజనానికి దిగబడ్డారు. రాజమ్మ ఆ రోజు చేసిన జొన్నరొట్టెల సంగతి వాళ్లుండే విడీ ఘర్కుల్ కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు, ముఖ్యంగా రాజమ్మ చెప్పుకుంటుంది.

ఆ తలూపుడే ఈ కథకు మూలం.

మొన్న ఎండాకాలంలో సిద్ధరాములుకు కడుపులో మంట పట్టుకుంది. డాక్టరు మందులిచ్చి, ఎందుకైనా మంచిదని కడుపు స్కాన్ రాశాడు. ఇంట్లోనే స్కాన్ తీసే కోడలుండగా బెంగ దేనికి అనుకుంటారు కదా? ఆయన ససేమిరా అన్నాడు.

"కోడలి ముందల బట్టలిప్పి పండుకుంటనా? నాకేమన్న సిగ్గులేదనుకుంటున్నవా?" అని రాజమ్మ మీద గయ్యిమన్నాడు. గోడ మీద కాదు, నేరుగా రాజమ్మ మీదే.

సరే, వినాయక్ బండిమీద ఎక్కించుకుని ఊళ్లో ఇంకో సెంటర్‌కు తీసుకుపోయాడు. అక్కడి టెక్నీషియన్ మూతికి మాస్కు కట్టుకుని, "బాబా, మిషన్ చెప్పినప్పుడు ఊపిరి పట్టాలి, అర్థమైందా?" అని అడిగాడు. మాస్కు వెనక పెదవులు కనబడవు, మాట వినబడదు. సిద్ధరాములు నిండుగా తలూపాడు. లోపల మిషన్ హిందీలో "సాఁస్ రోకియే" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఈయన హాయిగా ఊపిరి ఆడిస్తూ పడుకున్నాడు.

ఆ ఫొటోల సీడీ చూసింది మంగళ పనిచేసే సెంటర్ డాక్టరమ్మ మనీషా. కాలేయంలో నిమ్మకాయంత మచ్చ ఒకటి ఉంది. మంటకూ దానికీ సంబంధం లేదు. వెతకబోతే దొరికిన మచ్చ. కానీ అది ఏమిటో తెలియడం లేదు. ఊపిరి ఆడడంతో అంచులు చెదిరిపోయాయి. పైగా కడుపు మంటకు తీసే మామూలు స్కాన్ కాబట్టి ఒకే ఒక్కసారి తీశారు.

"ఇది రెండింటిలో ఏదైనా కావచ్చు మంగళా," అంది డాక్టరమ్మ. "ఊరికే రక్తనాళాల ముద్ద కావచ్చు, అదైతే దండం పెట్టి వదిలేయొచ్చు. లేదంటే కాన్సర్ కావచ్చు. మూడు వేళల్లో మళ్లీ తీస్తేగాని చెప్పలేను. ఆయన కిడ్నీలు అంతంతమాత్రమే. మాటిమాటికీ కాంట్రాస్ట్ మందు ఎక్కించలేం. ఈసారి సరిగ్గా రావాలి. నువ్వే తియ్యి."

మూడు వేళలంటే ఏమిటో మంగళకు ఎవరూ చెప్పనక్కరలేదు. మోచేతి నరంలోంచి మందు ఎక్కిస్తారు. దాన్ని అందరూ రంగు అంటారు. పేరుకు రంగే గాని చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. మిషన్ కంటికి మాత్రం తెల్లగా వెలుగుతుంది. అది గుండెకు చేరి, పెద్ద రక్తనాళంలో దిగి, అర నిమిషం దాటేసరికి కాలేయంలోకి ధమని దారిన తొంగిచూస్తుంది. అది మొదటి వేళ. పేగులు చుట్టి వచ్చే రక్తంతో కలిసి నిమిషం దాటాక కాలేయమంతా నిండుతుంది. అది రెండో వేళ. మరో మూడు నాలుగు నిమిషాలకు మెల్లగా జారుకుంటుంది. అది మూడోది. కొన్ని మచ్చలు మొదటి వేళలో భగ్గుమని వెలిగి తర్వాత ఆరిపోతాయి. అవి చెడ్డవి. కొన్ని అంచునుంచి నింపాదిగా లోపలికి నిండుతాయి. అవి మంచివి. పది సెకన్లు ముందు తీసినా రంగు వచ్చి ఉండదు, పది సెకన్లు తర్వాత తీసినా వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఇక మూడుసార్లూ ఒకే లోతున ఊపిరి పట్టకపోతే, మచ్చ మొదటి ఫొటోలో ఒకచోట, రెండో ఫొటోలో ఇంకోచోట ఉండి డాక్టరును వెక్కిరిస్తుంది.

మంగళ తీసిన ఫొటోలకు ఆ సెంటర్‌లో మంచి పేరు. పేరు సెంటర్‌లోనే గాని ఫొటో మీద కాదు. రిపోర్టు కింద డాక్టరమ్మ సంతకం ఉంటుంది, తీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఇంట్లో అయితే ఆమె పని గురించి సిద్ధరాములు చెప్పేది ఒకే మాట: "ఫొటోలు తీస్తదట." పెళ్లిళ్లలో తీసేవాళ్లకూ ఆమెకూ ఆయన లెక్కలో పెద్ద తేడా లేదు.

మామను మళ్లీ స్కాన్‌కు ఒప్పించే పని రాజమ్మ నెత్తిన పడింది. రాజమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే చేతులు ఒక దారిన, నోరు ఒక దారిన పోతూనే ఉంటాయి. మచ్చ సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పమంటే, గల్లీ అంతటికీ వినబడేలా ఆయన చెవిలో అరిచి చెప్పింది. మరి మెల్లగా చెబితే వినబడదు కదా. దాంతో విడీ ఘర్కుల్ మొత్తం సిద్ధరాములు కాలేయం గురించి బెంగపెట్టుకుంది. ఆయన మాత్రం రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. గోడతో కూడా మాట్లాడలేదు.

మూడోరోజు రాజమ్మ చాట పక్కన పెట్టింది. ఆమె చాట పక్కన పెట్టిందంటే విషయం పెద్దదే.

"ఇంట్ల అది కోడలే. ఆడ అది మిషన్ మాలకిన్. నువ్వు సాంచా మీద ఉన్నప్పుడు నేను అన్నం డబ్బా తెస్తే, కార్ఖానల ఎవరి మాట చెల్లుతుండె? నీదా, నాదా?"

"నాదే," అన్నాడు సిద్ధరాములు.

"మరి ఆడ దాని మాట చెల్లుతది. బస్."

ఆఖరికి ఆయన రెండు షరతులు పెట్టాడు. మెడనుంచి కాళ్లదాకా గౌను ఉండాలి. రాజమ్మ కంటికి కనబడుతూ ఉండాలి. వంటింటి గడప వెనక నిలబడి వింటున్న మంగళకు అప్పుడు గాని ఊపిరి ఆడలేదు. వెంటనే భయం కూడా వేసింది. పరాయివాళ్ల మచ్చలు వందలు చూసింది. ఇంటి మనిషిది ఎప్పుడూ చూడలేదు.

స్కాన్ రోజు పొద్దున ఎనిమిదింటికే మామా అత్తా కోడలూ ముగ్గురూ సెంటర్‌లో దిగారు. తిండీ టీ లేక సిద్ధరాములు ముఖం ముడుచుకుని ఉన్నాడు. గౌను వేసుకుని వచ్చేసరికి అది ఆయనకు మోకాళ్లు కూడా దాటలేదు. షరతు తప్పిందని గొణుగుతుంటే మంగళ ఇంకో దుప్పటి తెచ్చి పాదాలదాకా కప్పింది. దుప్పటి అంచు తడిమి చూసి, "పడుగు పల్చగున్నది," అన్నాడు గోడతో. కాళ్లు మిషన్‌వైపు, తల ఇవతలివైపు ఉండేలా ఆయన్ని పడుకోబెట్టింది. అలా అయితే తల పక్కకు తిప్పితే పక్కగది అద్దం వెనక తనూ రాజమ్మా కూర్చునే చోటు ఆయనకు కనబడుతుంది. మోచేతికి సూది ఎక్కించి, పైపు తగిలించింది.

ఇక ఊపిరి సంగతి. మంగళ మాస్కు కిందికి లాగింది. పెదవులు కనబడాలి కదా. మొట్టమొదటిసారి మామ ముఖంలోకి సూటిగా చూస్తూ మాట్లాడాల్సి వచ్చింది. చెవులు వేడెక్కాయి. అయినా పని పనే.

"మామా, నాడె పీల్చినట్టు పీల్చాలె. పీల్చి, గట్ల పట్టుకోవాలె."

ఈ మాట ఏ చదువులోనూ లేదు. మంగళ నేతవాళ్లుండే నీలం నగర్ పిల్ల. పన్నెండో తరగతిదాకా రోజూ బడి వదిలాక కార్ఖానాలో కూర్చుని నూలు కండెలు చుట్టిన పిల్ల. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి కొత్త కండె వేసినప్పుడల్లా నేతగాడు దాన్ని నోటిదగ్గర పెట్టుకుని, చిన్న కన్నంలోంచి దారం కొసను ఒక్క పీల్పుతో బయటికి లాగుతాడు. పాతకాలపు సాంచాల మీద రోజుకు వందసార్లు చేసే పని అది. ఆ పీల్పు లోతు తప్పదు. ముప్పై ఎనిమిదేళ్లలో సిద్ధరాములు ఎన్ని లక్షలసార్లు పీల్చాడో దేవుడికే తెలియాలి. అంతకన్నా కొలత తప్పని ఊపిరి ఏ డాక్టరు నేర్పగలడు?

సిద్ధరాములు కళ్లు వెలిగాయి. సుయ్‌మని పీల్చాడు. బ్రహ్మాండంగా పీల్చాడు. వెంటనే తల పక్కకు తిప్పి "థూ" అన్నాడు.

మరి నాడె పీల్చిన ప్రతిసారీ నోట్లోకి దూది నలక వస్తుంది. ఉమ్మకుండా ఎలా ఉంటాడు?

"థూ లేదు మామా! పీల్చుడే. పీల్చి ఆపుడు."

రెండోసారీ థూ అన్నాడు. అద్దం వెనకనుంచి రాజమ్మ పడీపడీ నవ్వింది. మూడోసారి పీల్చి, పెదవులు బిగించి, నలకను మింగుతున్నవాడిలా కళ్లు పెద్దవి చేసి ఆగాడు. మంగళ వేళ్లమీద పది లెక్కపెట్టింది. కదల్లేదు.

మరి ఎప్పుడు పీల్చాలో ఎలా తెలుస్తుంది? దానికీ కార్ఖానాలోనే జవాబుంది. ఆ మోతలో మాటలు నడవవు, చేతులే నడుస్తాయి. పిడికిలి ఎత్తితే సాంచా ఆపమని. అరచెయ్యి తెరిస్తే నడిపించమని. "పిడికిలి ఎత్తితే పీల్చి ఆపు, చెయ్యి తెరిస్తే విడువు," అని చేసి చూపించింది. ఈసారి ఆయన ఊపిన తల అర్థమై ఊపిన తల. ఆ తేడా ఇన్నేళ్లలో ఆమెకు తెలుసు.

ఇంక ఒక్క మాట మిగిలింది.

రంగు ఎక్కించేముందు ప్రతి మనిషికీ మంగళ మూడు మాటలు చెబుతుంది. ఒళ్లంతా వేడిగా అవుతుంది. నోట్లో ఇనుము రుచి వస్తుంది. ఒంటికి వచ్చినట్టు, బల్లమీదే పోసుకున్నట్టు అనిపిస్తుంది, కానీ నిజంగా రాదు, భయపడొద్దు. ఈ మూడోది చెప్పకపోతే జనం బెదిరిపోయి లేచి కూర్చుంటారు. కలెక్టరాఫీసు గుమాస్తాకు చెప్పింది, పూజారికి చెప్పింది, ఆ వకీలుకూ చెప్పింది. ఎన్నడూ నాలుక తడబడలేదు.

"మామా, ఒళ్లంత వేడి అయితది," అంది.

ఆయన తలూపాడు.

"నోట్ల ఇనుము రుచి వస్తది."

తలూపాడు.

మూడో మాట నోటిదాకా వచ్చింది. మామతో ఆ మాట ఎలా అనడం? కోడలు మామతో "ఒంటికి" అనడమా? పద్నాలుగేళ్ల మర్యాద అడ్డంపడింది. రాజమ్మతో చెప్పిద్దామంటే, ఆమె చెప్పాలంటే అరవాలి. బయట హాల్లో ముప్పైమంది ఉన్నారు. మంగళ "గంతే మామా," అనేసి బయటికి వచ్చి తలుపు మూసేసింది. మనసు మాత్రం పీకుతూనే ఉంది.

అద్దం వెనక కూర్చుని బటన్ నొక్కింది. రంగు ఎక్కడం మొదలైంది. తెరమీద పెద్ద రక్తనాళం నల్లటి పొలంలో బూడిదరంగు పైసాలా కనబడుతోంది. దానిమీద ఆమె గుండ్రంగా గీసిన గీత లోపలి అంకె పెరుగుతోంది. అరవై. తొంభై. నూటముప్పై. నూటయాభై దాటగానే మిషన్ తనంత తానే లెక్క మొదలుపెట్టింది. ఇంకో పదిహేడు సెకన్లలో మొదటి ఫొటోలు.

సరిగ్గా అప్పుడే సిద్ధరాములు తల లేపాడు.

ముఖం ఎర్రబడింది. కళ్లలో బెదురు. ఎత్తి పెట్టిన చేతుల్లో ఒకటి దిగి దుప్పటి వైపు వెళ్లింది, తడిసిందేమోనని తడుముకోవడానికి. ఏం జరిగిందో మంగళకు క్షణంలో అర్థమైంది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, కోడలు చూస్తుండగా బల్లమీద పోసుకున్నానని అనుకుంటున్నాడు. ఆమె చెప్పని ఆ ఒక్క మాట వల్లే.

పద్నాలుగు సెకన్లు.

లోపలికి పరుగెత్తితే తిరిగి వచ్చేలోపు వేళ దాటిపోతుంది. మైకులో అరిస్తే ఆయనకు వినబడదు. మిషన్ ఆపేస్తే ఎక్కిన రంగు వృథా. ఇంకోసారి ఎక్కించడానికి లేదు. వదిలేస్తే మళ్లీ చెదిరిన ఫొటో, మళ్లీ అదే మచ్చ, మళ్లీ అదే తెలియకపోవడం.

మంగళ లేచి నిలబడింది. ఎడమచేతి చిటికెన వేలు ఎత్తి అద్దానికి ఆనించింది.

కార్ఖానాలో ఆ గుర్తు తెలియనివాళ్లుండరు. నేతగాడు పక్కసాంచావాడికి చిటికెన వేలు చూపించాడంటే, ఒంటికి పోయొస్తా, నా సాంచా చూసుకో అని. మంగళ ఆ వేలు ఎత్తి చూపి, రెండో చేయి అడ్డంగా ఊపింది. లేదు. రాలేదు. మళ్లీ వేలు. మళ్లీ లేదు. తర్వాత అరచెయ్యి గుండెమీద పెట్టుకుని, నేను చూసుకుంటున్నా అన్నట్టు తలూపింది.

"ఏందే మంగళా, మీ మామకు ఏం జూపిస్తున్నవ్?" అని వెనకనుంచి రాజమ్మ కంగారుపడింది. జవాబు చెప్పే తీరిక ఎక్కడిది?

సిద్ధరాములు కోడలి చిటికెన వేలు చూశాడు. ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశాడు. తర్వాత ఆయన ముఖంలో బెదురు పోయింది. దాని వెనకే ఆశ్చర్యం, దాని వెనకే ఇంకేదో వచ్చింది. అద్దంవైపే చూస్తూ తల వెనక్కి వాల్చాడు. చేతులు మళ్లీ పైకెత్తాడు.

నాలుగు సెకన్లు. మంగళ పిడికిలి ఎత్తింది.

సిద్ధరాములు నాడె పీల్చినట్టు పీల్చి ఆగిపోయాడు. బల్ల జరిగింది, మిషన్ గిర్రున తిరిగింది. అద్దం వెనక మంగళ కూడా ఊపిరి బిగబట్టింది, తనకు అవసరం లేకపోయినా. అరచెయ్యి తెరిచింది. ఆయన వదిలాడు. థూ అనలేదు.

రెండో వేళకు ఇంకా అర నిమిషం ఉంది. ఆ సందులో ఇంకో గండం వచ్చిపడింది. దుప్పటి కింద ఆయన పొట్ట కుదుపులు కుదుపులుగా ఊగడం మొదలైంది. నొప్పేమోనని మంగళ హడలిపోయి చూస్తే, ఆయన నవ్వుతున్నాడు. ఆపుకోలేక నవ్వుతున్నాడు. కన్నీళ్లు చెంపలమీదికి కారుతున్నాయి. మంగళకూ నవ్వు తన్నుకొచ్చింది. కానీ నవ్వితే కొంప మునుగుతుంది. కార్ఖానాలో పని చేయించే ముకాదం ముఖం ఎలా పెట్టేవాడో గుర్తుచేసుకుని, కనుబొమలు ముడిచి, పిడికిలి అద్దంమీద ఠపీమని కొట్టింది. సిద్ధరాములు చటుక్కున నవ్వు మింగి, పీల్చి, ఆగాడు. మూడో వేళకు మాత్రం ఏ గొడవా లేదు. అప్పటికి ఆయన బల్లమీద పాతకాపు.

ఫొటోలు తెరమీదికి వచ్చాయి. మంగళ మొదటిది తెరిచింది. మచ్చ అంచులు కోసినట్టు స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ అంచున తెల్లటి పూసలు కూర్చినట్టు రంగు, మధ్యలో ఖాళీ. రెండోది తెరిచింది. పూసలు లావెక్కి లోపలికి జరిగాయి. మూడోది తెరిచింది. దారపు చిలపను రంగుతొట్టిలో ముంచితే పైనుంచి మెల్లగా లోపలికి ఎక్కినట్టు, మచ్చ మొత్తం నిండింది. ఎక్కడా ఆరిపోలేదు.

పదమూడేళ్ల అనుభవం. అదేమిటో మంగళకు తెలిసిపోయింది. కానీ చెప్పడం ఆమె పని కాదు. డాక్టరమ్మ చూడాలి, డాక్టరమ్మ చెప్పాలి. రాజమ్మ కళ్లలో వత్తులు వేసుకుని కోడలి ముఖమే చూస్తోంది. ఆమె చెవిన పడితే ఇంకేముంది, పెదవి దాటితే పృథివి దాటుతుంది. మంగళ పెదవులు బిగించి, బల్ల దగ్గరికి పోయి మామ చేతి సూది తీస్తూ, డాక్టరమ్మ వచ్చేదాకా పది నిమిషాలు గడిపింది. సంతోషాన్ని దాచుకోవడం దుఃఖాన్ని దాచుకోవడం కన్నా కష్టమని ఆ రోజే తెలిసింది.

డాక్టర్ మనీషా వచ్చి కూర్చుని, మూడు వేళలనూ పక్కపక్కన పెట్టి, పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చూసింది. మూడోసారి జరపలేదు.

"కాయ్ సుందర్ టైమింగ్ ఆహే మంగళ!" అంది మరాఠీలో. తర్వాత రాజమ్మవైపు తిరిగింది. "అమ్మా, కాన్సర్ కాదు. రక్తనాళాల ముద్ద. ఒంటిమీద పుట్టుమచ్చ ఉంటుంది కదా, అలాంటిదే లోపల ఉంది. బహుశా పుట్టినప్పటినుంచీ ఉండే ఉంటుంది. ఏ మందూ అక్కర్లేదు."

రాజమ్మ రెండు చేతులూ జోడించి అక్కడే కుర్చీలో కూలబడింది. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మంగళ అత్త తలను తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఇక ఆపుకోలేదు, తనూ ఏడ్చింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చిన సిద్ధరాములు ఆ ఇద్దరినీ చూసి, తన పని అయిపోయిందనుకుని గోడ పట్టుకున్నాడు. రాజమ్మ ఒక్క ఉదుటున లేచి ఆయన చెవిలో అరిచింది.

"ఏం లేదంట! పుట్టుమచ్చ అంట! నీతోటే పుట్టిందట!"

"నాతోటే పుట్టిందా?" అన్నాడాయన. "డెబ్బై ఒక్క ఏండ్ల సంది నాతోటే ఉన్నదా?" కాసేపు తన పొట్టవైపు చూసుకున్నాడు. కుడివైపు చెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరాడు. "మరి ఉండనియ్యి పాపం. ఈ వయసుల యాడికి పోతది?"

డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడు సిద్ధరాములు గోడవైపు తిరగలేదు. రాజమ్మవైపు తిరగలేదు. మంగళ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం బిడ్డా, ఆ చిటికెన వేలు ముందుగాల్నే చూపియ్యొద్దా? నా పానం పోయినంత పనాయె."

మంగళకు ముఖం దాచుకోవడానికి కొంగు లేదు, తెల్లకోటు ఉంది. "సిగ్గయింది మామా," అంది, పెదవులు కనబడేలా.

"సిగ్గువడితే ఫొటో ఖరాబు గాదా?"

"అయితుండె మామా."

"మంచిగొచ్చిందా?"

"ఎక్‌దమ్ మంచిగొచ్చింది."

"నాకు జూపియ్యి."

చూపించింది. ఆయన తెరకు ముఖం ఆనించి మూడు ఫొటోలూ చూశాడు. ఏమర్థమైందో ఆయనకే తెలియాలి గాని, చాలాసేపు చూశాడు. "అంచు మంచిగ కట్టినవు," అన్నాడు చివరికి. చద్దరు అంచుకు తప్ప ఆయన ఆ మాట దేనికీ వాడడు. మంగళకు ఆ సెంటర్‌లో ఇన్నేళ్లు విన్న మెచ్చుకోళ్లన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అనిపించింది.

వినాయక్ బండి తెస్తానని ఫోన్ చేశాడు. రాజమ్మ ఇడ్లీ కోసం క్యాంటీన్‌కు పరుగెత్తింది. సిద్ధరాములు హాల్లో బెంచీమీద కూర్చున్నాడు. పక్కనే మల్లప్ప అనే ముసలాయన, అక్కల్‌కోట్ రోడ్డు వైపు టవళ్లు నేసే మనిషి, గౌను వేసుకుని, దాని అంచును మోకాళ్లమీదికి మళ్లీ మళ్లీ లాక్కుంటూ కూర్చుని ఉన్నాడు. తర్వాతి వంతు ఆయనదే. మంగళ ఫైలు పట్టుకుని ఆయన్ని పిలవడానికి తలుపు సగం తెరిచింది, తెరిచి ఆగిపోయింది.

సిద్ధరాములు ఆయన భుజం మీద చెయ్యి వేసి చెబుతున్నాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. హాల్లో ఉన్న ముప్పైమందీ, మందుల కిటికీ దగ్గర ఉన్నవాళ్లూ, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో సహా విన్నారు.

"బల్లమీద ఒంటికి వచ్చినట్టయితది! రాదు! నాకూ గట్లనే అయింది! ఏం భయపడకు మల్లప్పా, లోపట మా మంగళ ఉన్నది!"